నలుగురికి వంట

ఆవిడ చేతికి ఎముక లేదని పేటంతా అనేది. ఆ మాటకు ఆవిడ ముప్పై ఏళ్ళపాటు మురిసిపోయింది. మురిసిపోవాల్సిన మాటే, కాదనడం లేదు. కాకపోతే ఎముక లేని చెయ్యి అన్నిచోట్లా పనికిరాదు. ఆ సంగతి తెలిసేసరికి ఆవిడకు జుట్టు నెరిసింది, చత్వారం వచ్చింది, మిల్లు క్యాంటీన్ మూతపడింది.

పేటలో అందరూ ఆవిడను గుండిగక్క అంటారు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, వెనకాల ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూస్తుంది. బట్టల మిల్లు క్యాంటీన్‌లో ఆవిడ పెద్ద వంటమనిషి. అక్కడి గుండిగలు మనిషి లోపలికి దిగి తోమేటంతవి. గరిటెలు పడవ తెడ్లంతవి. ఉప్పు చెంచాతో కొలవడం ఆవిడ ఎరగదు. రెండు దోసిళ్ళు పోసి, ఒక్క క్షణం ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో పిడికెడు విసిరేది. రుచంతా ఆ పిడికెడులోనే ఉందని మిల్లువాళ్ళు చెప్పుకునేవారు. ఎంతమంది తిన్నా గుండిగలో ఇంకా కొంత మిగిలే ఉండేది.

ఇక ఇంటి సంగతి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని సామెత ఊరికే పుట్టలేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేది వాళ్ళాయన. ఆయన టైలరు. వీధి గదిలో మిషను, వెనక గదిలో పొయ్యి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి గుండిగక్క ముచ్చటపడి వండితే, ఆ వంట వీధి వీధంతా తిన్నది. ఇంకోసారి వండబోతే వీధివాళ్ళు ముందే గిన్నెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత టైలరు ఆవిడ చేతిలోంచి గరిటె మెల్లగా తీసుకుని, "నువ్వు మిల్లు చూసుకో, ఇది నేను చూసుకుంటా" అన్నాడు. గుడ్డ కత్తిరించే మనిషి గనక ఆయనకు కొలత తప్పదు. ఇద్దరికి వండితే ఇద్దరికే వస్తుంది. ఈ సంగతి నాలుగు గోడలు దాటలేదు. అంత గొప్ప వంటమనిషిని చేసుకున్నాడు, పెట్టి పుట్టాడని వీధివాళ్ళు టైలరు మీద కుళ్ళుకునేవారు. ఆయన పాపం వినయంగా తల వంచుకునేవాడు.

మిల్లు మూతపడ్డాక పేటలో చాలా ఇళ్ళలో తిండికి కటకట మొదలైంది. అప్పుడు ఒక ట్రస్టువాళ్ళు మూతపడ్డ లాండ్రీ ఒకటి అద్దెకు తీసుకుని పోషకాహార కేంద్రం తెరిచారు. పైకప్పుకు బట్టలు వేలాడదీసే కొక్కేలు అలాగే ఉన్నాయి. ఎంత కడిగినా గదిలో సబ్బు వాసన పోలేదు. బట్టలు ఉడకబెట్టే పెద్ద కాగు ఒకటి ఎవరూ కదపలేక మూలనే వదిలేశారు. వారానికోసారి ఒక్కో ఇంటికి ఒక్కో సంచి ఇచ్చేవారు. అందులో ఎండు చిక్కుడు గింజలు, బార్లీ, కూరగాయలు, కొంచెం నూనె ఉండేవి. సంచితోపాటు వంట పాఠం కూడా. పాఠం వినకపోతే సంచి ఇవ్వమని ఎవరూ అనలేదు గానీ, సంచులు మాత్రం పాఠం అయ్యాకే ఇచ్చేవారు. తెలివైనవాళ్ళకు అంతకంటే చెప్పనక్కర్లేదు.

పాఠం చెప్పేది పోషకాల మేడమ్. చిన్నపిల్ల, చదువుకున్నది, ఏ గింజలో ఏ బలముందో నిద్రలో లేపినా చెబుతుంది. అయితే పొయ్యి దగ్గర తనకు చెయ్యి తిరగదని ఆమే నిజాయితీగా ఒప్పుకుంది. చెయ్యి తిరిగిన మనిషి కావాలని వాకబు చేస్తే పేటంతా ఒక్కటే ఇల్లు చూపించింది.

"నలుగురున్న ఇంటికి సరిపడా, ఒక్క పొయ్యి మీద, ఒక్క గిన్నెలో వండి చూపించాలక్కా. అంతే. మీకది చిటికెలో పని" అంది మేడమ్.

గుండిగక్క తల ఊపింది. ఊపకుండా ఉండాల్సింది. కానీ క్యాంటీన్ పోయిననాటి నుంచి ఆవిడకు పొయ్యి దగ్గర చోటు లేదు. ఇంట్లో పొయ్యి మొగుడిది. పొద్దున్నే లేచి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీ చువ్వలు తుడుస్తూ కూర్చునేది. ఇక్కడ కాదంటే ఈ జన్మకు మళ్ళీ గరిటె పట్టుకోమనేవాళ్ళు ఉండరని ఆవిడకు తెలుసు. అందుకే ఊపింది.

మొదటి రోజు మేడమ్ బల్ల మీద ఒక్క పొయ్యి, ఒక గిన్నె పెట్టింది. ఆ గిన్నె చూస్తే గుండిగక్కకు చంటిపిల్లలు ఆడుకునేదిలా కనిపించింది. నానబెట్టిన గింజలు వేసింది, కూరగాయలు వేసింది, నీళ్ళు పోసింది. అంతవరకు బాగానే ఉంది. ఉప్పు వేసే చోట ఒక్క క్షణం ఆగింది. చెయ్యి తన పాటికి తాను వెళ్ళి ఇంకో పిడికెడు విసిరేసింది.

ఉప్పుకు విరుగుడు నీళ్ళు. నీళ్ళు పోస్తే సూప్ పలచబడింది. పలచబడితే ఇంకా గింజలు వెయ్యాలి. గింజలు వేస్తే గిన్నె చాలలేదు. పెద్ద గిన్నె తెచ్చారు. పెద్ద గిన్నెకు ఆ ఉప్పు సరిపోలేదనిపించింది. చెయ్యి మళ్ళీ వెళ్ళింది. పాఠం ముగిసేసరికి మూలనున్న లాండ్రీ కాగు తోమించి, ఉన్నచోటే దాని కింద మంట పెట్టారు, నెలకు సరిపడా గింజలు అందులో ఉడుకుతున్నాయి. జనం మాత్రం సంతోషంగా గిన్నెల నిండా ఇళ్ళకు పట్టుకుపోయారు.

"నలుగురికి అన్నాం కదక్కా" అంది మేడమ్, ఖాళీ అలమార వైపు చూస్తూ.

"రుచి చూపించకుండా పాఠం ఏం చెబుతామమ్మా? మొదటి రోజు కదా" అంది గుండిగక్క. అబద్ధం కూడా ఆవిడకు పెద్ద గిన్నెలోనే వస్తుంది.

"సరే. వచ్చే వారం నుంచి మాత్రం నలుగురికే. నెలాఖరుకి ట్రస్టు పెద్ద మేడమ్ వచ్చి చూస్తారు. ఇక్కడ నేర్చుకున్నది ఇళ్ళలో వండుకుంటున్నారా లేదా అని అడుగుతారు. ఆవిడ సరే అంటేనే పాఠాలు సాగుతాయి, మీ పని కూడా."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొగుడికి అంతా చెప్పింది. ఆయన పకపకా నవ్వేవాడే, నోట్లో గుండుసూదులు ఉండబట్టి ఆగాడు. వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాక కూడా నవ్వలేదు. పెళ్ళాం కళ్ళలో నీళ్ళున్నాయి.

"నేర్పుతాలే. ఇందులో ఏముంది, నువ్వు నేర్వలేనిదా?" అన్నాడు.

వారం రోజులు నేర్పాడు. కుదరలేదు. మనసుకు అర్థమవుతోంది, చేతికి కాదు. ముప్పై ఏళ్ళు ఒక దారిన నడిచిన ఎద్దును ఇవాళ పక్క సందులోకి తిరగమంటే తిరుగుతుందా? చివరికి మొగుడూ పెళ్ళాం ఒక ఉపాయం ఆలోచించారు. కేంద్రంలో ఏప్రన్‌లన్నీ అంచులు ఊడిపోయి ఉన్నాయి. వాటిని ఉచితంగా కుట్టిపెడతానని టైలరు వచ్చి కిటికీ పక్కన కూర్చుంటాడు. ఆవిడ ఏదైనా వేస్తున్నప్పుడు ఆయన ఒకసారి దగ్గితే "ఇక చాలు" అని. రెండుసార్లు దగ్గితే ఇంకొంచెం అని.

ఇది దివ్యంగా పనిచేసింది. గుండిగక్క ఉప్పు తీస్తుంది, కిటికీ దగ్గర ఒక దగ్గు వినిపిస్తుంది, చెయ్యి గాలిలోనే ఆగిపోతుంది. సూప్ నలుగురికే వచ్చింది, అదీ అమృతంలా వచ్చింది. మేడమ్ పొంగిపోయింది. "పాపం, మీవారికి ఆ దగ్గేమిటక్కా, ఒకసారి డాక్టరుకు చూపించండి" అంది. గుండిగక్క తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

పాఠానికి వచ్చేవాళ్ళు కూడా బుద్ధిగా వినేవారు. ముందు బెంచీలో లారీ తాత. ఒకప్పుడు లారీ నడిపేవాడు, ఇప్పుడు ఒంటరిగా ఒక గదిలో ఉంటాడు. వెనక బెంచీలో కవలల తల్లి. బక్కపల్చటి మనిషి, నోట్లో నాలుక లేనట్టు కూర్చునేది, ఇద్దరు మగపిల్లలు చెరో వైపు కొంగు పట్టుకుని ఉండేవారు. "పోయిన వారం చెప్పింది ఇంట్లో వండారా?" అని మేడమ్ అడిగేది. "వండాం మేడమ్" అని అందరూ ఒక్క గొంతుతో అనేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ గుండిగక్క ఒళ్ళు పులకరించేది. తన వంట ఇన్ని ఇళ్ళలో ఉడుకుతోందని రాత్రి మొగుడికి చెప్పి చెప్పి ఆయనకు నిద్రలేకుండా చేసేది. మన వంట అను, అని ఆయన అటు తిరిగి పడుకునేవాడు.

నెలాఖరుకి పెద్ద మేడమ్ వచ్చింది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చూస్తే, గోడకున్న బొమ్మలు కూడా సర్దుకుని నిలబడతాయి.

"ఇక్కడ నేర్చుకున్నవి ఇంట్లో వండుకుంటున్నవాళ్ళు చేతులెత్తండి" అంది రాగానే.

అన్ని చేతులూ లేచాయి. లారీ తాతవి రెండూ లేచాయి.

"బాగుంది. ఇప్పుడు వంట చూద్దాం."

గుండిగక్క ఏప్రన్ బిగించింది. పెద్దావిడ ముందు ఉత్త సూప్ ఏం బాగుంటుంది, కాస్త ఘుమఘుమలాడాలి కదా అనిపించింది. నూనె కాగాక ఎండుమిరపకాయలు తీసింది. టైలరు అప్పుడే సూదిలో దారం ఎక్కిస్తూ తల వంచుకుని ఉన్నాడు. ఆయన చూసేలోపు గుప్పెడు మిరపకాయలు కాగిన నూనెలో పడ్డాయి.

ఆ ఘాటు ముందు టైలరు గొంతుకు పట్టింది. ఒకసారి దగ్గాడు. గుండిగక్క ఆగింది. ఇంకోసారి దగ్గాడు. ఓహో, ఇంకొంచెం కాబోలనుకుని ఇంకో గుప్పెడు వేసింది. ఇక చూసుకోండి. ముందు బెంచీ దగ్గింది, వెనక బెంచీ దగ్గింది, పోషకాల మేడమ్ దగ్గింది, పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి మరీ దగ్గింది. ఏ దగ్గు తన మొగుడిదో ఏది కాదో గుండిగక్కకు తెలియలేదు. ఒక దగ్గుకు ఉప్పు ఆపింది, రెండు దగ్గులకు ఉప్పు వేసింది. మళ్ళీ దగ్గితే నీళ్ళు పోసింది, గింజలు వేసింది. టైలరు కిటికీ దగ్గర లేచి నిలబడి, వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతున్నాడు, కానీ దగ్గు మాత్రం ఆపుకోలేకపోతున్నాడు. గిన్నె పొంగింది. అలవాటైన కాళ్ళు ఆవిడను మూలనున్న కాగు దగ్గరికి తీసుకెళ్ళాయి.

కిటికీలన్నీ తెరిచాక, ఘాటు తగ్గాక, అందరూ కళ్ళు తుడుచుకుని చూస్తే కాగు నిండా సూప్ ఉంది.

"ఇది నలుగురికా?" అంది పెద్ద మేడమ్.

మొదటి రోజులా ఏదో ఒకటి చెప్పేయొచ్చు. గుండిగక్క నోరు కూడా తెరిచింది. కిటికీ దగ్గర మొగుడు ఒళ్ళంతా చెమటతో, తన తప్పేమీ లేకపోయినా తప్పు చేసినవాడిలా నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూశాక అబద్ధం రాలేదు.

"నాకు నలుగురికి వండటం రాదండీ. ఇంట్లో నేనెప్పుడూ వండలేదు. వండేది ఆయన. ఇక్కడ కూడా కొలతంతా ఆయనదే, దగ్గి చెప్పేవాడు."

మొదలుపెట్టాక ఆపటం ఆవిడ చేతికి రాదు, నోటికీ రాదు.

"గిన్నె అడుగు కనిపిస్తే నాకు భయమండీ. మిల్లులో చేరిన కొత్తలో ఒకరోజు గుండిగ ఖాళీ అయిపోయింది. వరసలో చివర ఒకాయన పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. అయిపోయింది అన్నాను. ఆయన ఒక్క మాటనలేదు. పళ్ళెం బోర్లించి పట్టుకుని వెళ్ళిపోయాడు. తిడితే బాగుండేది. అప్పట్నుంచి ఈ చెయ్యి నా మాట వినదు."

పెద్ద మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని బెంచీల వైపు తిరిగింది. "ఇందాకటి ప్రశ్నే మళ్ళీ అడుగుతున్నాను. ఇంట్లో వండుకుంటున్నదెవరు?"

లారీ తాత చెయ్యి సగం దాకా లేచి, అక్కడ పనిలేదని తెలిసి తల గోక్కుంది. మిగతా చేతులేవీ లేవలేదు.

"బార్లీ పావురాలకు వేశానమ్మా" అన్నాడు తాత. "మంచి బలమైన తిండేనమ్మా అది. పావురాలు ఇప్పుడు కిటికీలో పట్టట్లేదు."

ఇంకొకామె పొయ్యి పాడై నెలైందంది. మరొకాయన చిక్కుడు గింజలు నానబెట్టాలని తెలియక ఉడికించి ఉడికించి, గ్యాసు అయిపోయి, వాటితో పిల్లలకు గవ్వలాట నేర్పానన్నాడు. పోషకాల మేడమ్ అందరికంటే చిన్న గొంతుతో, తాను రోజూ మధ్యాహ్నం బిస్కెట్లతోనే సరిపెట్టుకుంటున్నానని చెప్పింది. చివరికి కవలల తల్లి లేచింది. ఆమె గొంతు అందరూ వినడం అదే మొదలు.

"నాకు ఏది ఎంత వెయ్యాలో తెలీదు మేడమ్. పాడుచేస్తే మళ్ళీ వారం దాకా గింజ ఉండదు. అందుకని వండలేదు. అడుగుదామనుకున్నా. ఇంత బాగా వండే అక్క ముందు నాకు రాదని ఎలా చెప్పను?"

గుండిగక్కకు ఆ మాట ఎక్కడో తగలాల్సిన చోటే తగిలింది. తను ఊపిన ఒక్క తలకాయ చూసి గదిలో ఇన్ని తలకాయలు ఊగాయి. ఇన్నాళ్ళూ తన వంట ఉడుకుతోందని మురిసిపోయిన ఇళ్ళలో పొయ్యే వెలగలేదు. ఆవిడకు ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చింది.

పెద్ద మేడమ్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "పాఠాలు ఆపం. ఇవాళే మొదలుపెడుతున్నాం" అంది. "వంట చూపించేది ఆ దగ్గే మనిషి. మీరెళ్ళి బెంచీ మీద కూర్చోండి."

టైలరు వద్దని ఏదో అనబోయాడు. గుండిగక్క ఏప్రన్ విప్పి ఆయన చేతిలో పెట్టింది. చెయ్యి తీసేసినట్టే ఉంది ఆవిడకు. ఏ బెంచీకి వెళ్ళాలో తెలియక నిలబడితే, వెనక బెంచీలో కవలల తల్లి పిల్లలిద్దర్నీ ఒళ్ళోకి లాక్కుని చోటిచ్చింది.

ఆ తరగతిలో ఆవిడంత మొద్దు విద్యార్థి ఇంకొకరు లేరు. అందరికంటే ముందు తనే సందేహాలు అడిగేది. "చిటికెడంటే ఎంతండీ?" అనేది. "మూడు వేళ్ళకొచ్చినంత. నాలుగో వేలు కలిస్తే అది ఇంకొకరి చొక్కా" అనేవాడు టైలరు. గుండిగక్కకే తెలియనప్పుడు మనకు సిగ్గేమిటని అందరూ అడగడం మొదలుపెట్టారు. ఒంటి పొయ్యివాళ్ళు, పొయ్యే లేనివాళ్ళు, ఒక్క గిన్నెవాళ్ళు, ఎవరి గోల వాళ్ళు చెప్పుకునేవారు. పోషకాల మేడమ్ తన పోషకాల పాఠంలోని రంగురంగుల బొమ్మలు పక్కన పెట్టి, ఒక్కొక్కరి ఇంట్లో ఏముందో దానితోనే ఏమి చెయ్యొచ్చో చెప్పేది. తాత పావురాలు మళ్ళీ కిటికీలో పట్టసాగాయి.

పాఠాల చివర ఒక్కొక్కరు సొంతంగా నలుగురికి వండి, ముగ్గురిని పిలిచి పెట్టాలి. గుండిగక్క వంతు వచ్చింది. కవలల తల్లిని, ఆ పిల్లలిద్దర్నీ పిలిచింది. టైలరును గదిలోనే ఉండొద్దంది. ఆయన బయటికెళ్ళి, మెట్ల మీద కూర్చుని, గోళ్ళు కొరుక్కున్నాడు.

వండింది. ఉప్పు దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అక్కడి నుంచి కదలకుండా ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. సూప్ దించి నాలుగు గిన్నెల్లో పోసింది. కవలల తల్లి ఆ చిన్న గిన్నె వైపు చూసి, అలవాటుగా, "నాకు ఆకలిగా లేదక్కా, పిల్లలకు పెట్టండి" అంది.

"లెక్కలో నువ్వున్నావమ్మా. నువ్వు తినకపోతే నా పరీక్ష పోతుంది" అంది గుండిగక్క.

నలుగురూ తిన్నారు. ఉప్పు సరిపోయింది. గింజ మెత్తగా ఉడికింది. కవలల తల్లి గిన్నె అంచు దాకా తుడుచుకుని తింది. అప్పుడు పెద్దాడు, అంటే తమ్ముడికంటే కాసేపు ముందు పుట్టినవాడు, గిన్నె ముందుకు చాపాడు.

"ఇంకా కావాలి."

గుండిగక్క పొయ్యి మీది గిన్నెలోకి చూసింది. అడుగు తళతళా మెరుస్తోంది. ఏ మాట అనాల్సి వస్తుందోనని ఇన్నేళ్ళూ గుండిగలకు గుండిగలు నింపిందో, ఆ మాట తప్ప ఇంకొకటి లేదు.

"అయిపోయింది నాన్నా" అంది.

"సరే" అన్నాడు వాడు. "ఊరికే అడిగా. నా పొట్ట చూడు, ఎంతుందో."

చొక్కా పైకెత్తి చూపించి, తమ్ముణ్ణి లాక్కుని ఆటకు పరిగెత్తాడు.